ఆకాశము పదుగురి సొత్తు

పలువు రొక్కమారు మాటలాడిన సభ చెడును. కావున వంతులు పంచు నధికారి యొకడుండి తీరవలయునని లోకుల తలంపు. 1971వ సంవత్సరమున హవాయి విశ్వవిద్యాలయమువారు ఈ తలంపును తలక్రిందులు చేసిరి.

దీవులనడుమ టెలిఫోను తీగలు నమ్మదగినవి కావు, వ్యయమును మిక్కుటము. అందుచే ఆచార్య నార్మన్ అబ్రామ్‌సన్‌గారును వారి సహచరులును కంప్యూటరు సమాచారమును చిన్న పొట్లములుగ గట్టి రేడియోద్వారా పంపిరి. అందరికిని దారి యొక్కటియే; ఎవరి కవసరమైనపుడు వారు పంపవచ్చును. రెండు పొట్లములు ఢీకొనినచో "అందినది" యను బదులు రాదు. అపుడు పంపినవారు తలకొక వ్యవధి యాగి మరల పంపుదురు. ఇదియే అలోహా పద్ధతి.

ఇందు దారిలో నూటికి 18 పాళ్లకు మించి యక్కరకు రాదన్నది నిజమే. 1972లో లారెన్స్ రాబర్ట్స్ కాలమును సమభాగములుగ విభజించి, ఆ ఫలమును రెట్టింపు చేయు మార్గము చూపెను. నేటి వైఫై యంత్రములు ముందుగ విని, ఢీకొనకుండ తలకొక వ్యవధి యాగి, పిమ్మట పలుకుట ఆ సూత్రమునకు సంతతియే.

ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో మన సుప్రీంకోర్టు పలికెను. కావున వాని నన్నిటిని వేలమున కెక్కింపక, సామాన్యుల కుమ్మడిగ విడిచిన భాగమును కాపాడి పెంచుట ప్రభుత్వధర్మము. నిగ్రహ మెరిగిన జనులకు అడుగడుగున కావలివా డేల?