డబ్బు తెర మీద పెట్టండి

డిజైనింగ్ నేర్చుకున్న కుర్రాళ్లు కంప్యూటర్ కొనడానికి మా జంషెడ్‌పూర్‌లో సాక్చి బజారుకెళితే, షాపువాడు ముందు తీసి చూపించేది ఎర్ర లైట్ల కీబోర్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్. కదమాలో మా వాళ్లబ్బాయి ఒకడు దానికి వాయిదాలు కట్టడానికి కూడా సిద్ధపడ్డాడు. "ఏటి చేస్తావురా దాంతో?" అంటే, "గ్రాఫిక్స్ కార్డుంది కదా చిన్నాన్నా" అన్నాడు. వాడు చేసేవి పెళ్లికార్డులు, బిష్టుపూర్ రామమందిరంలో నవమికి పంచే కరపత్రాల్లాంటివి, పుట్టినరోజు ఫ్లెక్సీలు. కోరెల్‌డ్రా, ఫొటోషాప్‌లలో ఈ పనులకి అంత కార్డు దండగ.

చేతిలో నలభై వేలే ఉంటే ముందు మంచి మానిటర్ కొనాలి. సీపీయూ సంగతి తర్వాత.

చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో ఎక్కడో ఓ మూల "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా ఆ తెర చూపించలేదని దానర్థం. అలాంటి తెర మీద కుంకుమ రంగు వెలిసిపోయినట్టుంటుంది. కుర్రాడు సరిపోలేదనుకుని మెజెంటా పెంచుతాడు. అచ్చయి వచ్చాక శుభలేఖ రక్తం పూసినట్టుంటుంది, పెళ్లివారు డబ్బులివ్వరు. ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ 99 శాతం అని రాసి ఉన్న 24 అంగుళాల మానిటర్ పదివేల అటూ ఇటూగా దొరుకుతుంది. సీపీయూ మారినా అది మరో అయిదారేళ్లు పనికొస్తుంది.

తర్వాతి ఖర్చు ర్యామ్‌కి. పదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల లెక్కన చేసినా 8,640 × 3,456 పిక్సెళ్లు. సీఎంవైకేలో కాన్వాసంతా పరుచుకున్న ఒక్కో లేయరుకీ దాదాపు 120 ఎంబీ. మన ఫ్లెక్సీలో ఒక్క నాయకుడి బొమ్మతో ఆగదు, శుభాకాంక్షలు చెప్పేవాళ్ల మొహాలన్నీ అతకాలి. ఎనిమిది జీబీ చాలదు, పదహారు ఉండాలి. ర్యామ్ నిండితే ఫొటోషాప్ డిస్కు మీద పడుతుంది కాబట్టి ఎస్ఎస్‌డీ తప్పనిసరి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోయాయి. ఎనిమిదితో కొని తర్వాత పెంచుకుందాంలే అనుకోకండి.

సీపీయూ సెకండ్‌హ్యాండ్‌దైనా నష్టం లేదు. ఆఫీసులు వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి గట్టివి. ఐ5 ఎనిమిదో తరానికి తక్కువైతే మాత్రం వద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది, ఏడో తరంలో దాదాపు వేటికీ అధికారికంగా విండోస్ 11 రాదు. ఇక కరెంటు సంగతి. కదమా, సోనారిల్లో టాటా కంపెనీ కరెంటు కాబట్టి ఫర్వాలేదు. సువర్ణరేఖ దాటి మానగోలో ఉండేవాళ్లు యూపీఎస్‌కి కూడా డబ్బు అట్టేపెట్టుకోవాలి.

మ్యాక్ మోజు ఉన్నవాళ్లకి ఒక మాట. తెలుగు డీటీపీ ఇప్పటికీ ఎక్కువగా అను ఫాంట్ల మీదే నడుస్తోంది, అను నడిచేది విండోస్‌లో. కోరెల్ కొనలేనివాళ్లు దొంగ కాపీ వెతక్కుండా ఇంక్‌స్కేప్ పట్టుకోవచ్చు. ఉచితంగా దొరికే రామభద్ర, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లతో అందులో ఒత్తులు సరిగ్గానే పడతాయి.

ఫైలు ప్రెస్సుకి పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చి తీరాలి. ఇక్కడి ఆపరేటర్లలో చాలామందికి తెలుగు రాదు. కర్వ్స్ చేయకుండా పంపి, వాళ్ల దగ్గర అను లేకపోతే వధువు పేరు ఇంగ్లిషు గుర్తుల గుంపైపోతుంది. అదైనా కంటికి కనిపిస్తుంది గానీ, ఒక్క ఒత్తు ఊడితే వాళ్లు గుర్తుపట్టరు. అందుకే పీడీఎఫ్‌తోపాటు ఒక జేపీజీ కూడా పంపి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే మిషన్ ఎక్కించమని హిందీలో గట్టిగా చెప్పాలి.