మందిరం తాళం తీయండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట సంఘాల కాపరులకు, పెద్దలకు, విశ్వాసులకు వందనాలు.

ఆదివారం మన ఆరాధనలో పాట ఉంది, ప్రసంగం ఉంది, సాక్ష్యం ఉంది. ఊరక కూర్చునే సమయమే లేదు. వాక్యం లోపలికి దిగకముందే కీబోర్డు అందుకుంటుంది. మిగతా ఆరు రోజులూ, కూటాల వేళ తప్ప, చాలా మందిరాలకు తాళమే.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. కరీమాబాద్‌లోనో రంగశాయిపేటలోనో ఒకే గదిలో అయిదుగురు బతుకుతుంటే, వేసుకోవడానికి తలుపేది? ఒక మూల టీవీ, ఒక మూల కుక్కర్. ఆ గదిని సంఘమే ఇవ్వాలి.

రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మందిరం తెరవండి. మైకు వద్దు, నడిపించేవారూ వద్దు. ఎవరికి వారు వచ్చి, కూర్చుని, వెళ్తారు. తాళంచెవి స్త్రీల సమాజం చేతిలో ఉంటే ఆడబిడ్డలు నిర్భయంగా వస్తారు. ఖర్చంటారా, ఒక లైటు, ఒక ఫ్యాను.

మౌనధ్యానం మనది కాదనేవారున్నారు. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదిలించి ప్రార్థిస్తే, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడైన ఏలీ. పొరపాటు ఆమెది కాదు. కపెర్నహూములో సాయంత్రం రోగులను బాగుచేసిన యేసు తెల్లవారకముందే ఒంటరిగా వెళ్లి ప్రార్థించాడు. సీమోను వాళ్లు వెదుక్కుంటూ వస్తే, అక్కడినుంచే పక్క ఊళ్లకు బయల్దేరాడు. ఏకాంతం ఆయనను జనానికి దూరం చేయలేదు. కాథలిక్కులకు దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. కాజీపేటలో ఫాతిమా కథీడ్రల్ మన పక్కనే ఉంది కదా, అడిగి నేర్చుకుంటే చిన్నతనమేమీ కాదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. తరతరాలు నోరెత్తనివ్వని వాడల నుంచి వచ్చినవాళ్లం మనలో ఎంతోమంది. గొంతెత్తి స్తుతించడం మనకు దక్కిన హక్కు. దాన్ని ఎవరూ తగ్గించుకోనక్కర్లేదు. ఒకరు నోరు మూయించడం వేరు, మనంతట మనం దేవుని ముందు మాట ఆపుకోవడం వేరు. అందుకే ఆదివారం ఆరాధనలో ఏ మార్పూ అడగడం లేదు, ప్రసంగం తర్వాత అయిదు నిమిషాల మౌనం తప్ప. మైకు వద్దనడానికి పక్కింటివారి సంగతీ ఉంది: మద్రాసు సంఘమొకటి మైకుల కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000లోనే తీర్పు వచ్చింది.

రాబోయే శ్రమకాలం నలభై రోజులూ తెరిచి చూడండి. ఈస్టరు అయ్యాక కమిటీలో మాట్లాడేటప్పుడు, ఆ గంటల్లో వచ్చి కూర్చున్నవాళ్లనే ముందు అడగండి.