ఫిరంగుల చరిత్ర ఉంది.. నేల చరిత్ర ఏదీ?

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్ సర్వీసెస్ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు అభ్యర్థులు రెండు అంశాలను వేర్వేరుగా చదువుతారు. ఒకటి, 1798లో నిజాం అంగీకరించిన సైన్య సహకార ఒప్పందం. రెండోది, కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో తెచ్చిన నిబంధనలు. హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీ ఈ రెండింటినీ కలిపి ఆలోచించేలా చేస్తుంది.

నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు, గుండ్లు పోతపోసే కర్మాగారాన్ని నెలకొల్పారు. స్థానికులు దానిని 'తోప్ కా సాంచా' అన్నారు. 1798లో రేమండ్ మరణించారు. అదే ఏడాది కుదిరిన ఒప్పందంతో ఫ్రెంచి దళాలు రద్దయ్యాయి. ఫతేమైదాన్ సమీపంలో ఒక పాత కట్టడం, ఆ ప్రాంతానికి ఒక పేరు మిగిలాయి.

ఆయుధాల తయారీ ముగిసినంత మాత్రాన దాని ప్రభావం ముగియదు. సీసం, రాగి వంటి లోహాలు నేలలో నశించవు. ఇరవయ్యో శతాబ్దపు పేలుడు పదార్థాలతో ముప్పు మరింత పెరిగింది. టీఎన్‌టీ వ్యర్థాలు నేలలోకి ఇంకి భూగర్భ జలాలను చేరతాయి. అమెరికాలోని జోలియెట్ ఆయుధాగార భూముల్లో అధిక భాగాన్ని 1996 చట్టంతో గడ్డిభూముల సంరక్షణకు కేటాయించారు. అయితే పేలుడు పదార్థాలతో కలుషితమైన మట్టిని సేంద్రియ పదార్థాలతో కలిపి, సూక్ష్మజీవుల సాయంతో శుద్ధి చేయాల్సి వచ్చింది.

భారత్‌లో 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయింది. దాని పరిధిలోని 41 కర్మాగారాలు ఏడు ప్రభుత్వ రంగ సంస్థలకు బదిలీ అయ్యాయి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారం వాటిలో ఒకటి. యాజమాన్యం మారినపుడు యంత్రాలకు, భూములకు లెక్క కడతారు. ఆ భూముల్లోని మట్టికి, నీటికి కూడా లెక్క ఉండాలి.

కొత్త నిబంధనల ప్రకారం అనుమానిత స్థలాల వివరాలను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి తెలపాలి. కాలుష్య నియంత్రణ మండళ్లు పరీక్షలు జరపాలి. శుద్ధి వ్యయాన్ని కాలుష్య కారకులే భరించాలి. అయితే దశాబ్దాలు గడిచాక కారకులను గుర్తించడం కష్టం. అపుడు ఆ భారం ప్రభుత్వ ఖజానాపైనే, అంటే ప్రజలపైనే పడుతుంది.

అందుకే కర్మాగారం నడుస్తున్నపుడే మట్టి, నీటి పరీక్షల ఫలితాలను నమోదు చేసి భద్రపరచాలి. గన్‌ఫౌండ్రీలో ఎవరు ఏ ఏడాది ఫిరంగులు పోతపోశారో రెండు శతాబ్దాల తర్వాతా చెప్పగలుగుతున్నాం. నేటి కర్మాగారాల విషయంలో రాబోయే తరానికి అంతకు మించిన సమాధానం కావాలి. ఆ నేలపై ఇల్లు కట్టుకోవచ్చా, ఆ బావి నీరు తాగవచ్చా అని వారు అడుగుతారు.