ఉద్దానంలో ఓ పెన్సిల్ సైర్

బారువ వెళ్లినవాళ్లంతా సమందర్ వైపే నజర్ పెడతారు. నాకైతే ఆ అలల్ని వెనక వదిలేసి తోటల్లోకి నడవడమే అసలు సైర్. ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు. పేరుకు తగ్గట్టే కొబ్బరి, దాని నీడలో జీడిమామిడి, మధ్యమధ్య పనస. ఇసుక నేలలో ఇంత పచ్చదనం, సుబ్‌హానల్లాహ్!

ఫజర్ నమాజు కాగానే కాగితం, పెన్సిలు పట్టుకుని వెళ్లండి దోస్తులారా. ఫోన్‌తో తస్వీర్ ఒక్క లమ్హాలో వస్తుంది, నిజమే. కానీ ఇత్మినాన్‌గా కూర్చుని గీస్తేనే కనిపిస్తుంది: వరుసలో రెండు చెట్లు ఆకాశాన్నంటుతుంటే, పక్కన ఖాళీ, ఆ పక్కన లేత చెట్టు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను వదిలిన నిషానీ అది. (పాకిస్తాన్ పెట్టిన పేరు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఎంత నాజూకు పేరు, ఎంత జుల్మ్!)

కొబ్బరి నాటితే కాపుకు ఐదారేళ్లు, నిండు దిగుబడికి ఇంకా ఎక్కువ. ఖయామత్ ముంచుకొచ్చినా చేతిలో మొక్క ఉంటే నాటమంది హదీసు. ఉద్దానం రైతు అది వినకుండానే నాటాడు. చెట్టుకింత అని లెక్కగట్టి చేతులు దులుపుకుంటే పరిహారం కాదు. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏటా ఇవ్వాలి. ఆ రైతు సబర్‌ను సర్కారు ముఫ్త్‌గా వాడుకుంటోంది.