కానాగంతకు కొలబద్ద

వారం వారం: గట్టువాసి, కొత్తవలస

ఈ ఆదివారం మనవడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి చొక్కా జేబులో పెట్టుకుని చేపల బజారుకు వెళ్లాను. ఇంట్లోవాళ్లు నవ్వారు. బజారులో ఇంకాస్త గట్టిగా నవ్వారు. మా కొత్తవలసకు సముద్రం లేదు గానీ సముద్రపు చేప మీద మోజుకు కొదవ లేదు. వేట మళ్లీ మొదలై మూడు వారాలైంది. రెండు నెలలు చెరువు చేపలతో సరిపెట్టుకున్న జనం సంచులు పట్టుకుని ఎగబడ్డారు.

గోనెపట్టా మీద కానాగంతలు పోగులు పోసి ఉన్నాయి. పోగు వంద. ఒకదాన్ని తీసి స్కేలు పక్కన పెట్టాను. మూతి నుంచి తోక కొస దాకా 11 సెంటీమీటర్లు. రెండోది పదిన్నర. మూడోదాన్ని తీయబోతుంటే అమ్మే ఆవిడ అందుకుంది: "సేపకి కూడా కొలతలేటి బాబూ? సొక్కా గానీ కుట్టిత్తారేటి?"

"ఇవి పిల్లలు కదమ్మా, వీటినెందుకు తెస్తున్నారు?" అన్నాను.

"మీరు కొంతన్నారు గదా, అందుకే తెత్తన్నారు. మీరు మానేత్తే మావోలూ మానేత్తారు." అంటూనే నా వెనకాయనకు రెండు పోగులు సంచిలో వేసింది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా మన లెక్కల మీద. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట విరామం. ఒకప్పుడు అది 47 రోజులు, 2015 నుంచి 61 రోజులైంది. చేప గుడ్డు పెట్టే కాలం, మంచి నియమమే. ఆ రోజులకు మత్స్యకారులకిచ్చే భృతిని 10 వేల నుంచి 20 వేలకు పెంచి, 2025 ఏప్రిల్‌లో మన శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి పంచారు. అదీ మంచిదే. కానీ ఆ భృతి ఎంత, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న గొడవ తప్ప, పెట్టిన గుడ్డు ఏమైందని అడిగిన నాయకుణ్ణి నేను చూడలేదు. పొట్ట మీదున్న పైరుకు రాత్రింబవళ్లు కాపలా కాసి, గింజ పాలు పోసుకోగానే కోసేసే రైతు ఎక్కడైనా ఉంటాడా? సముద్రంలో మనం ఏటా చేస్తున్నది అదే. జూన్ 15న బోట్లు దిగుతాయి, సన్నకన్ను వలలు దిగుతాయి, విరామంలో పుట్టిన పిల్లలు పోగులవుతాయి. పోగుకు కూడా పనికిరానివి మేత మిల్లులకు పోయి, పొడై రొయ్యల చెరువుల్లో పడతాయి.

ఇది వేలెడు చేప మీద జాలి కాదు, బేరం లెక్క. 11 సెంటీమీటర్ల కానాగంత 22కు ఎదిగితే పొడవు రెండింతలే, బరువు మాత్రం ఇంచుమించు ఎనిమిదింతలు. అందుకు ఏడాది చాలు. ఆ ఏడాది ఆగలేక కేజీల చేపను గ్రాముల్లో తినేస్తున్నాం. కేరళ ఈ లెక్క చేసుకుంది. 2015లో మొదలుపెట్టి 58 రకాలకు కనీస కొలత పెట్టింది. కానాగంతకు 14 సెంటీమీటర్లు, కవళ్లకు 10. అంతకన్నా పొట్టివి తెచ్చిన బోట్లను పట్టుకుంటోంది. మన బజారులో స్కేలు పట్టుకున్న అధికారి ఇంతవరకు నాకు కనబడలేదు. నేను కనబడితే నవ్వుతున్నారు.

నా పాత పాట ఒకటుంది, ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్త కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అని ఒక దొర ఉండేవాడు. రక్తపింజరను ఇంగ్లీషులో పిలిచే పేరు ఆయనదే. విశాఖపట్నంలో దొరికిన 200 చేపలకు బొమ్మలు గీయించి, మన జాలర్లు చెప్పిన పేర్లే కింద రాసి 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. దాన్ని చూసే క్యువియే అనే ఫ్రెంచి పండితుడు మన కానాగంతకు శాస్త్రనామం కట్టాడు. ఈనాటికీ జపాన్ శాస్త్రవేత్త అయినా, కెన్యా శాస్త్రవేత్త అయినా ఆ చేపను 'రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా' అనాల్సిందే. మన గంపలోని మాట ప్రపంచశాస్త్రంలోకి ఎక్కింది. ఆ శాస్త్రం తిరిగి మన గంప దగ్గరికి దిగిరావడానికి మాత్రం రెండు శతాబ్దాలు చాలలేదు.

శాస్త్రానికి కరువేమీ లేదు. అమెరికా నుంచి లఫాండ్ అనే శాస్త్రవేత్త వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రశాస్త్రానికి పునాది వేసింది 1952లో. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖలో కేంద్రం ఉంది. మాకు రైలెక్కితే గంట దారి. సముద్రం లేని హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉపగ్రహాలతో నీటి వేడినీ పాచినీ చూసి ఫలానా చోట చేప ఉందని వేటగాళ్లకు చెబుతుంది. చేప ఎక్కడుందో చెప్పే ఏర్పాటు ఉంది. ఎంతుంటే వదిలేయాలో చెప్పే తెలుగు బోర్డు ఒక్కటి ఏ రేవులో ఉంది? పరిశోధన పత్రాలన్నీ ఇంగ్లీషులో, చేపలన్నీ తెలుగులో. రెంటికీ పరిచయం చేసే నాథుడు లేడు.

మా ఊరి పేరులోనే వలస ఉంది కాబట్టి ఇంకో మాటా అనేస్తాను. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా ఆగస్టు వస్తే అక్కడి కుర్రాళ్లు మూటలు కట్టుకుని గుజరాత్‌లోని వెరావల్ రైలెక్కుతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంటే, 2020 జనవరిలో 20 మంది బయటపడ్డారు. ఆ కథ మీద 'తండేల్' సినిమా వస్తే టిక్కెట్లు కొని ఈలలు వేశాం. సొంత ఒడ్డున పెద్ద బోటు కట్టేసుకునే చోటు లేక, ఇక్కడి చేప ఇల్లు గడపక కదా వాళ్లు పరాయి సముద్రానికి పోయింది! హార్బర్ల మాట ప్రతి ఎన్నికకూ వింటున్నాం. వెరావల్ రైలు మాత్రం ఇంకా కిక్కిరిసే పోతోంది. పిల్లచేపను పోగేసి అమ్ముకున్న ఒడ్డు, పిల్లలను కూడా నిలుపుకోలేకపోయింది.

ప్రభుత్వం రేవులో కొలత పెట్టాలి, అది పట్టుకునే సిబ్బందిని పెట్టాలి. అది వాళ్ల పని. అంతవరకు మన పని మనం చేద్దాం. పోయిన ఏడాది దాకా నేనూ పోగులు కొన్నవాణ్ణే, ముల్లు మెత్తగా ఉంటుందని. ఇప్పుడు మానేశాను. పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే స్కేలు 15 సెంటీమీటర్లు. ఈ ఆదివారం మీరూ జేబులో వేసుకోండి. దానికన్నా పొట్టిగా కనబడిన కానాగంతను పోగులోనే వదిలేసి రండి.