గడప బయటే నిలబడదాం

అపొస్తలుల కార్యముల గ్రంథం ఒక అద్దె ఇంట్లో ముగుస్తుంది. ఖైదీగా రోమ్ చేరిన పౌలు రెండేళ్లు అద్దె ఇంట్లోనే ఉన్నాడు. కాపలా సైనికుడు పక్కనే ఉన్నా, ఆ గడప లోపల పౌలే ఇంటివాడు. వచ్చినవారందరికీ ఆ తలుపు తెరిచే ఉంది. రోమ్‌లో సువార్తకు ఆ నాలుగు గోడల నీడ చాలింది.

మన సీమకు అద్దె ఇంటి కష్టం కొత్త కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. 1956లో రాజధాని తరలిపోయినా, ఊరికి వచ్చేవారు ఆగలేదు. వానలు ముఖం చాటేసిన పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం, కూలి కోసం కర్నూలు, కడప చేరిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. ‘వచ్చే నెల నుంచి వెయ్యి ఎక్కువివ్వండి, లేదంటే ఖాళీ చేయండి’ అన్న ఒక్క మాటతో వారికి నిద్ర కరువవుతుంది. ఇంకో ఇల్లు చూడబోతే ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న ముందే ఎదురవుతుంది.

చట్టాలు లేక కాదు. మన జిల్లాలకు 1949 నాటి మద్రాసు చట్టం, ఆపై 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉండేవి. న్యాయమైన అద్దె నిర్ణయించమని రెంట్ కంట్రోలర్‌ను అడిగే వీలు 1960 చట్టంలో ఉండేది. తర్వాత రాష్ట్రం 2017 నాటి కొత్త అద్దె చట్టం తెచ్చింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం ప్రకారం నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నీళ్లు, కరెంటు ఆపరాదు. అయితే కాగితమే లేకుండా నోటిమాట మీద నడిచే అద్దెకు ఏ చట్టం అండగా నిలుస్తుంది?

ఇంటి యజమానులందరూ ధనవంతులు కారు. అద్దె మీదే బతికే విధవరాళ్లు, రిటైరైన టీచర్లు మనలో ఉన్నారు. ధరలతోపాటు అద్దె పెంచడం పాపం కాదు. ఎదుటివారికి వేరే దారి లేదని తెలిసి మెడ మీద కూర్చోవడమే పాపం.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో దేవుడు ఒక చిత్రమైన ఆజ్ఞ ఇచ్చాడు. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం పేదవాని ఇంట్లో జొరబడకూడదు, బయటే నిలబడాలి. బాకీ ఉన్నంత మాత్రాన గడప గౌరవం పోదని దాని భావం. అద్దె ఇంటికైనా అదే న్యాయం.

కాబట్టి ఇళ్లున్న విశ్వాసులారా, అధికారి వచ్చి చెప్పేదాకా ఆగవద్దు. ఒప్పందం కాగితం మీద రాయండి. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుందో అందులోనే చెప్పండి. పెంచే ముందు మూడు నెలల గడువివ్వండి. కులం అడగకండి. చదువురాని అద్దెదారుకు ఆ కాగితం చదివి వినిపించే బాధ్యత సంఘ పెద్దలు తీసుకోవాలి.

భూమి నాది, మీరు నా యొద్ద పరదేశులని లేవీయకాండములో దేవుడు తన ప్రజలకు తెలియజేశాడు. ఆ లెక్కన యజమానీ అద్దెదారుడే. ఆయన మనల్ని ఎన్నడూ ఉన్నపళంగా ఖాళీ చేయమనలేదు!