పిల్లల హాజరు సరే, మన హాజరీ ఏదీ?



2025 జూలై 10, గురువారం. ఈ తేదీ గుర్తు పెట్టుకోండి. ఆ రోజు రాష్ట్రమంతటా స్కూళ్లలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ముందు 5వ తేదీ అన్నారు, తర్వాత 10కి మార్చారు. 2024 డిసెంబర్ 7న జరిగిన మొదటి మీటింగ్ సర్కారీ స్కూళ్ల వరకే. అప్పుడు బాపట్ల మునిసిపల్ హైస్కూల్‌కి ముఖ్యమంత్రి చంద్రబాబు, విద్యాశాఖ మంత్రి లోకేశ్ వచ్చి వాలిదైన్‌తో కూర్చున్నారు. ఈసారి ప్రైవేటు స్కూళ్లనూ కలిపారు. అంటే అల్లూరులోనైనా, నెల్లూరులోనైనా, మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నా ఆ రోజు మీకు దావత్ ఉన్నట్టే.

దావత్ అన్న మాట కావాలనే వాడాను. వలీమా కార్డు ఇంటికి వస్తే మనం దుకాణం షట్టర్ దించి మరీ వెళ్తాం. వెళ్లకపోతే రిష్తేదారులు నారాజ్ అవుతారని భయం. అదే స్కూలు పిలిస్తే "ఆ రోజు కామ్ ఉంది సార్" అనేస్తాం. అక్కడ నారాజ్ అయ్యేది ఏడేళ్ల పిల్లాడు ఒక్కడే. పక్కవాడి అమ్మ వచ్చింది, మా అమ్మీ రాలేదు అనుకుంటాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పడు కూడా.

రాకపోవడానికి కారణాలు లేవని నేను అనను. అల్లూరు తట్టు ఈ నెలలో ఎడగారు పైరు పనులుంటాయి. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉన్నవాడు కదలలేడు. ఇస్కపల్లి ఉప్పు మళ్లలో పని చేసేవాళ్లకు ఒక పూట పోతే ఒక పూట కూలి పోయినట్టే. మెకానిక్ షెడ్డు, టైలర్ మిషను, పండ్ల బండి, మటన్ కొట్టు, ఏదైనా అంతే. ఇక చాలా ఇళ్లలో అబ్బా కువైట్‌లో ఉంటాడు. అమ్మీ ఒక్కతే ఇల్లు, అత్తమామలు, పిల్లలు అన్నీ చూసుకోవాలి. ఇవన్నీ నిజమైన మజ్బూరీలే.

కానీ అబ్బా రాలేకపోతే దాదా రావచ్చు. నానీ రావచ్చు. చాచా, మామూ, ఖాలా ఎవరైనా రావచ్చు. పిల్లవాడి వెనక ఒక ఖాందాన్ ఉందని టీచర్‌కి తెలియాలి. మనకు ఖాందాన్‌లు పెద్దవే కదా, అవి షాదీ ఫొటోల్లో నిలబడటానికి మాత్రమేనా?

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకో కారణం. మన అమ్మీలు, ఖాలాలు చాలామంది "మేం అన్‌పఢ్, అక్కడికొచ్చి ఏం మాట్లాడతాం" అంటారు. ఈ మాట ఎవరంటున్నారో చూడండి. ఫజర్ తర్వాత ఖురాన్ తిలావత్ చేసే మనిషి అంటుంది. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని అయినా చదవగలిగే మనిషి అంటుంది. వస్తువుల ధర, చీటీ వడ్డీ, బంగారం తూకం నోటి లెక్కలో తేల్చేసే మనిషి అంటుంది. తెలుగు, ఇంగ్లీషు రాకపోతే అన్‌పఢ్ అని మనకు ఎవరు నేర్పారో గానీ, ఆ మాటను మనం బాగా బట్టీ పట్టాం.

నేను ఉర్దూ మీడియంలో చదువుకుని డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. నా ప్రోగ్రెస్ కార్డుల మీద మా అమ్మీ ఉర్దూలోనే దస్తఖత్ చేసేది. కాలేజీ ఫారం మీద కూడా అలాగే చేసింది. క్లర్కు ఒక్క క్షణం దాన్ని కుడి నుంచి ఎడమకు చూశాడు, సీలు వేశాడు. అంతే. ఉర్దూలో చేసిన దస్తఖత్ కూడా దస్తఖతే. టీచర్‌తో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడినా మాటే. అసలు తెలుగు బడి మన లఫ్జులు లేకుండా ఒక్క రోజైనా నడుస్తుందా? హాజరు, జవాబు, సవాలు, కలం, కాగితం. ఇవన్నీ ఎప్పుడో ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాయి. మనుషులమే ఇంకా గడప బయట నిలబడ్డాం.

ముగ్గుల సంగతి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఇళ్లలో ఆ మాట వస్తోంది. డిసెంబర్ మీటింగ్‌లో అమ్మలకు ముగ్గుల పోటీ, నాన్నలకు తాడు లాగే పోటీ పెట్టారు. బుర్ఖాలో వచ్చిన మన ఆడవాళ్లు ముగ్గుల దగ్గర ఏం చేయాలో తోచక ఓ పక్కన నిలబడితే అది వాళ్ల తప్పు కాదు, పెట్టినవాళ్ల నియ్యత్‌లో ఖరాబీ ఉందనీ కాదు. అమ్మలంటే వాళ్లకు గుర్తొచ్చింది ముగ్గు. మెహందీ గుర్తు రాలేదు, ఎందుకంటే గుర్తు చేసేవాళ్లు అక్కడ లేరు. ఈసారి నాలుగు రోజులు ముందే హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి "సార్, మెహందీ పోటీ కూడా పెట్టండి, కోన్‌లు మేమే తెస్తాం" అనండి. కాదనే హెడ్మాస్టర్లు తక్కువ. పక్కింటి లక్ష్మమ్మ చేతికి మన సాజిదా మెహందీ పెడితే, ఆ రోజు ఏ స్పీచ్ చేయని పని అది చేస్తుంది. ముగ్గు ఉందని ఇంట్లో కూర్చుంటే మాత్రం నష్టం మన బచ్చాలకే.

అయితే పోటీలు, భోజనం, ఫొటోలు ఇవన్నీ పై సంగతులు. నా అసలు మాట వేరు.

మన మస్జిద్ కమిటీకి సదర్ ఎవరు కావాలన్న మాట వస్తే ఇషా తర్వాత గంటల తరబడి బహస్ నడుస్తుంది. లెక్కలు చదివి వినిపించాలంటాం. ఫ్యాన్ ఎందుకు కొన్నారు, సున్నానికి ఎంతైంది అని అడుగుతాం. మంచిదే, అది అమానత్ కాబట్టి అడగాల్సిందే. మరి మన పిల్లలు రోజంతా గడిపే బడికీ ఒక కమిటీ ఉంది. దాని పేరు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. అందులో మన బస్తీవాళ్లు ఎవరున్నారని అడిగితే ఎంతమంది చెప్పగలరు?

ఈ కమిటీ ఎవరి మెహర్బానీ కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఇచ్చిన హక్. సర్కారీ స్కూళ్లలో, సర్కారు ఎయిడ్ తీసుకునే స్కూళ్లలో ఈ కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో గార్డియన్లో కావాలి. సగం మంది ఔరతులు కావాలి. వెనకబడిన, బలహీన వర్గాల పిల్లల వాలిదైన్‌కి వాళ్ల సంఖ్యకు తగ్గట్టు చోటు ఉండాలి. స్కూలు ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్లాన్ తయారు చేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం దాని పని. మైనారిటీ స్కూళ్లలో, మిగతా ఎయిడెడ్ స్కూళ్లలో మాత్రం 2012 సవరణ తర్వాత ఈ కమిటీది మష్వరా ఇచ్చే పాత్రే. ఏ మదర్సాలో చూసినా మష్వరా అన్న మాటకు ఎంత వజన్ ఉందో మనకు తెలుసు. ఇక్కడా ఉంది.

మన రాష్ట్రంలో ఈ కమిటీలకు 2024 ఆగస్టు 8న ఎన్నికలు జరిగాయి. మన గల్లీల్లో చాలామందికి ఆ రోజు ఎన్నిక ఉందనే తెలియదు. సర్పంచ్ ఎలక్షన్ అయితే ఓటరు లిస్టులో బీబీ పేరు తప్పు పడితే ఊరుకోం. ఈ ఎన్నికకు బీబీని పంపనే లేదు.

దీనివల్ల ఏం పోయిందని అనకండి. 2022లో వచ్చిన జీవో 117 వల్ల చాలా చోట్ల 3, 4, 5 తరగతుల పిల్లలను హైస్కూళ్లకు పంపారు. ఇంటి పక్కన బడి ఉన్నా ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి దూరం నడవాల్సి వచ్చింది. 2025లో ఆ జీవో పోయింది, తరగతికి ఒక టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. ఏ బడి దేంట్లో కలవాలి, ఏ తరగతి ఎక్కడ ఉండాలి అన్న చోట కమిటీల తీర్మానాలు అడిగారు. మన పిల్ల ఎంత దూరం నడవాలో తేల్చే కాగితం మీద సంతకం పెట్టే కుర్చీ అది. ఆ కుర్చీలో మనం లేకపోతే ఇంకెవరో ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకు మన గల్లీ తెలియదు, అంతే.

ఉర్దూ సంగతీ అంతే. 2022 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని దస్తూర్‌లో 350ఎ ఆర్టికల్ చెబుతోంది. కాగితం మీద ఇజ్జత్‌కి లోటు లేదు. కానీ ఉర్దూ బడిలో టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే, పుస్తకాలు ఆలస్యమైతే, ఎవరు అడగాలి? ముషాయిరాలో వాహ్ వాహ్ అంటే పోస్టు నిండదు. కమిటీ తీర్మానం రాసి మండల విద్యాశాఖ అధికారికి పంపితే కనీసం ఒక ఫైలు పుడుతుంది. ఫైలు పుడితే దాని వెంట పడొచ్చు.

డబ్బు మాట కూడా. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పిల్లకు 15 వేల లెక్కన ఇచ్చారు. 13 వేలు అమ్మీ ఖాతాలో పడ్డాయి, 2 వేలు బడుల నిర్వహణకు పక్కన పెట్టారు. అంటే ప్రతి అమ్మీ పేరు మీద బడికి కొంత సొమ్ము వెళ్లింది. బాత్రూమ్‌లో నీళ్లు ఎందుకు రావడం లేదని అడగడానికి ఇంకేం కావాలి? ఇది ఝగ్డా కాదు, హిసాబ్.

సరే, 10వ తేదీ వెళ్లారనుకోండి. ఏం అడగాలి? "మావాడు ఎలా చదువుతున్నాడు సార్?" అని మాత్రం అడగకండి. ఆ సవాలుకు "పర్లేదండి" అన్న ఒక్క జవాబే ఉంది. "ఎక్కడ ఆగిపోతున్నాడు?" అని అడగండి. తెలుగు వాచకం తెరిచి మీ ముందే ఒక పేరా చదివించమనండి. రెండో తరగతి పిల్ల ఒత్తుల దగ్గర తడబడితే మీరే చూస్తారు, తెలుగు చదవడం మీకు రాకపోయినా ఆగడం తెలుస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల క్లాసులో నోరు విప్పుతోందా అని అడగండి. చాలామంది మన బచ్చాలు తెలివి లేక కాదు, తెలుగులో నవ్వుతారేమోనన్న షర్మ్‌తో మౌనంగా ఉంటారు. టీచర్‌కి ఆ సంగతి మీరే చెప్పాలి. హాజరీ పట్టీ చూపించమనండి. షాదీ అనీ, అఖీఖా అనీ, ఉర్సు అనీ మనమే ఎన్ని రోజులు బడి మాన్పించామో అందులో కనబడుతుంది. అది చూసి టీచర్‌ను కాదు, మనల్ని మనం అడగాలి.

టీచర్లను నిందించే మజ్లిస్‌గా దీన్ని మార్చకండి. ఉస్తాద్ ఇజ్జత్ మన తర్బియత్‌లోనే ఉంది. పొద్దున్నుంచీ యాప్‌లలో ఫొటోలు ఎక్కించి, గుడ్లు లెక్కబెట్టి, ఆ తర్వాత పాఠం చెప్పే మనిషి ఎదురుగా కూర్చున్నారని గుర్తుంచుకోండి. "మా నుంచి మీకేం కావాలి?" అని ఒక్క మాట అనండి. జవాబుదారీ అన్న మాటలో రెండు వైపులా జవాబు ఉండాలి.

ఇలా పది మంది ఆడవాళ్లు కూర్చుంటే ఏమవుతుందని నవ్వేవాళ్లకు మన జిల్లా తారీఖ్ గుర్తు చేయాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో రాత్రి బడులు పెట్టారు. పొలం నుంచి వచ్చి పలక పట్టిన ఆడవాళ్లు వాచకంలో తాగుడు వల్ల చితికిన ఇంటి పాఠం చదివి, ఇది మా ఇల్లే కదా అన్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మీదకు నడిచారు. అది ఊరూరికీ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లలో చాలామంది అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్నవాళ్లు. బడిలో కూర్చున్నారు, చదివారు, అడిగారు. మనం నెల్లూరువాళ్లం. ఈ రివాజు మనదే.

ఇంకో ముచ్చట. 2025లో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ జూలై 6 నుంచి 10 వరకు. అంటే మీటింగ్ రోజే పండుగ చివరి రోజు. స్వర్ణాల చెరువులో చదువు రొట్టె కోసం ఎక్కడెక్కడి నుంచో వాలిదైన్ వస్తారు. హిందువులు, ముసల్మానులు భుజం భుజం రాసుకుంటూ నీళ్లలో నిలబడతారు. ఆ రొట్టె సరైనదా కాదా అన్న బహస్ ఇక్కడ నాకు అక్కర్లేదు. పిల్లల చదువు కోసం ఒక అమ్మ బస్సెక్కి వచ్చి నీళ్లలో నిలబడుతోందంటే ఆమెకు తాలీమ్ మీద ఎంత తడప్ ఉందో చూడండి. వెళ్లేవాళ్లు 10కి ముందే వెళ్లి రండి. 10వ తేదీ పొద్దున మాత్రం బడి గడప తొక్కండి.

ఆ తర్వాత కూడా తేదీలున్నాయి. ఆగస్టు 15 జెండా వందనం. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, ఆ రోజు మన పిల్ల స్టేజీ మీద తెలుగు పద్యం చదివితే మొదటి వరసలో మనం ఉండాలి. సెప్టెంబర్ 5 టీచర్స్ డే, 2025లో చాంద్‌ను బట్టి మీలాద్ కూడా ఆ దగ్గర్లోనే. నవంబర్ 11 మౌలానా ఆజాద్ పుట్టినరోజు, దేశానికి మొదటి విద్యామంత్రి. ఆ రోజే జాతీయ విద్యా దినోత్సవం అని చాలా బడుల్లో గుర్తుండదు. గుర్తు చేయండి, ఆయన గురించి రెండు మాటలు చెప్పడానికి మీ మొహల్లాలో చదువుకున్న అమ్మాయిని పంపండి. నవంబర్ 14 బాలల దినోత్సవం.

కమిటీలకు మళ్లీ ఎన్నికలు వస్తాయి. అప్పటికి మీ బస్తీలో ఇద్దరు అమ్మీలను ఇప్పటి నుంచే తయారు చేయండి. తక్రీరులు చేయగలిగినవాళ్లు అక్కర్లేదు. అడగడానికి భయపడనివాళ్లు చాలు. ఈ జుమా నమాజ్ తర్వాత మస్జిద్ మైక్‌లో జూలై 10 తేదీని ఎలాన్ చేయమని మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. పోయిన గొర్రె పిల్ల కోసం ఎలాన్ చేస్తున్నాం కదా, ఉన్న పిల్లల కోసం కూడా ఒకసారి చేద్దాం.